“ఈ చర్చి” అంటే ఏ చర్చి?

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా తెలుగు సహవాసానికి సొంత మందిరం లేదు. ఒక మెథడిస్టు చర్చి వారు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలును మాకు అద్దెకు ఇస్తారు. క్రిస్మస్ నాటకానికి తెరలు వెతుకుతూ వేదిక వెనుక గది సర్దుతుంటే, పాత పియానోకూ గోడకూ మధ్య దుప్పటి చుట్టిన బరువైన వస్తువొకటి కనిపించింది. ఇద్దరం పట్టి బయటికి లాగాం. ఓకు చెక్కకు బిగించిన ఇత్తడి పలక, బాగా నల్లబడిపోయింది. పైన 1914–1919 అని ఉంది. కింద రెండు వరుసల్లో పద్దెనిమిది పేర్లు. నడుమ ఒక వాక్యం: ఈ చర్చి నుంచి, ఈ సండే స్కూలు నుంచి యుద్ధానికి వెళ్లి తిరిగి రాని వారి జ్ఞాపకార్థం.

చర్చి పెద్దలకు చూపిస్తే వారూ ఆశ్చర్యపోయారు. వారి స్మారక ఫలకం మొదటినుంచీ ద్వారం పక్క గోడకే ఉంది, అందులోని పేర్లు వేరు. దీన్ని ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో చెప్పగలిగినవారు లేరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. “ఈ చర్చి” అని రాయించినవారికి ఆ పలక ఏదో ఒకరోజు గోడ దిగుతుందన్న ఊహే లేదు. గోడ ఉన్నన్నాళ్లూ “ఈ” అంటే చాలు, ఊరి పేరు అక్కర్లేదు. గోడ పోయాక ఆ ఒక్క అక్షరమే పద్దెనిమిది మందినీ ఊరు లేనివాళ్లను చేసింది. పలక మీద హోదాలు లేవు, రెజిమెంటు పేర్లు లేవు. ఇంటిపేరు, దాని ముందు పొడి అక్షరాలు, అంతే. మా పాస్టరు గారికి చెబితే, “ఎవరి బిడ్డలో తెలియకుండా మళ్లీ పియానో వెనక పెట్టలేమమ్మా, నువ్వు కనుక్కో” అన్నారు.

ఇత్తడి అనగానే మన చేయి చింతపండు డబ్బా మీదికే పోతుంది. నేనూ ఆ పనే చేయబోయాను. అదృష్టవశాత్తు ముందుగా వార్ మెమోరియల్స్ ట్రస్టు వారి సూచనలు చదివాను. 1997లో ఏర్పడిన ఈ స్వచ్ఛంద సంస్థ స్మారకాల పరిరక్షణలో సలహాలు ఇస్తుంది. తోమిన ప్రతిసారీ లోహం కొంత అరిగి, చెక్కిన అక్షరాల లోతు తగ్గిపోతుంది. అందుకని ముట్టుకోకుండా, గదిలో దీపాలు ఆర్పి, టార్చిలైటును పలక పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటోలు తీశాను. నీడ పడగానే అక్షరాలు లేచి నిలబడ్డాయి. ‘సి’ అనుకున్నది ‘జి’ అని తేలింది. ఆ తేడా తెలియకపోతే ఒక మనిషిని ఎప్పటికీ కనుక్కోలేకపోయేదాన్ని.

ఇంపీరియల్ వార్ మ్యూజియం 1989 నుంచి బ్రిటన్‌లోని యుద్ధ స్మారకాల జాబితా తయారుచేస్తోంది. అందులో ఇప్పుడు లక్షకు పైగా స్మారకాలున్నాయి. మొదట అక్కడే వెతికాను. ఈ పేర్ల కలయిక ఏ నమోదులోనూ లేదు.

తరువాత కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా. 1917లో మొదలైన ఈ సంస్థ రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు కాపాడుతోంది. అందరికీ ఉండే ఇంటిపేరు, ఒక్క పొడి అక్షరం కొడితే వందల మంది వస్తారు. వారిలో మనవాడెవరో తేల్చుకోవడం అసాధ్యం. అందుకే పేర్లను వరసగా కాక, అరుదైన ఇంటిపేర్లతో మొదలుపెట్టాను. అలాంటివి మూడు ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఒకే ఒక్క సైనికుడు వచ్చాడు. వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు 16వ బెటాలియను, మరణం 1 జులై 1916. సమాధి లేదు. ఫ్రాన్సులో తియెప్‌వాల్ స్మారకం మీద 72 వేలకు పైగా పేర్ల మధ్య అతని పేరు ఉంది. కింద చిన్న అక్షరాల్లో తల్లిదండ్రుల పేర్లు, లీడ్స్ పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక వీధి చిరునామా.

యుద్ధం తరువాత కమిషన్ కుటుంబాలకు ఫారాలు పంపింది. నింపి తిరిగి పంపినవారి వివరాలే ఇలా మిగిలాయి. ఆ తల్లి గానీ తండ్రి గానీ ఆ కాగితం నింపకపోయి ఉంటే నా వెతుకులాట అక్కడే ఆగిపోయేది.

16, 18 బెటాలియన్లను ‘బ్రాడ్‌ఫర్డ్ పాల్స్’, అంటే బ్రాడ్‌ఫర్డ్ నేస్తాలు, అంటారు. ఒకే వీధిలో పెరిగినవాళ్లు, ఒకే ఉన్ని మిల్లులో పనిచేసినవాళ్లు కలిసి చేరి, కలిసి కదిలిన దళాలు. ఫ్రాన్సులో జరిగిన సొమ్ యుద్ధం తొలిరోజున, అదే 1 జులై 1916న, సెర్ అనే గ్రామం వైపు వారిని నడిపించారు. నా పద్దెనిమిది పేర్లలో నలుగురికి అదే తేదీ వచ్చింది. నాలుగోది చూసినప్పుడు కంప్యూటర్ మూసేసి కాసేపు బయట నడిచి వచ్చాను. ఆ వార్తలు ఇంటింటికీ చేరిన వారంలో ఆ చర్చిలో ఆదివారం ఆరాధన ఎలా జరిగిందో!

ఊరు దొరికింది కదా, చర్చి దొరకడం ఎంతసేపు అనుకున్నాను. అక్కడే తప్పటడుగు వేశాను. ఆ వీధికి దగ్గరలోని ఆంగ్లికన్ చర్చి స్మారకంలో నా పేర్లు ఆరు కనిపించాయి. ఇదే అని తేల్చేసి అక్కడి గురువు గారికి ఉత్తరం రాశాను. ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. తమ ఫలకం తమ గోడకే ఉందని, ఒకే మనిషి పేరు పేట చర్చిలో, బడిలో, మిల్లులో, క్లబ్బులో నాలుగు చోట్ల ఉండటం ఆ రోజుల్లో మామూలేనని చెప్పారు. దొరికిన ఆరుగురి కన్నా, దొరకని పన్నెండు మంది ఏమయ్యారో ఆలోచించమన్నారు. ఆ మాట నా పద్ధతినే మార్చింది. ఆంగ్లికన్ చర్చిలో ఫలకం పెట్టాలన్నా తీయాలన్నా డయాసిస్ (బిషప్పు పరిధి) అనుమతి పత్రం ఉండాలి, దాని నకలు ఎక్కడో దొరుకుతుంది. ఇలా కాగితం లేకుండా చేతులు మారిన పలక వేరే శాఖవారిదై ఉండవచ్చన్న అనుమానం అప్పుడే మొదలైంది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి, కామన్వెల్త్ కమిషన్ జాబితాలో మద్రాస్ సాపర్స్ అని కొట్టి చూశాను. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ఇంజినీర్ల దళం. ఆ దళంలో మన తెలుగువాళ్లూ ఉండేవారు, మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో (నేటి ఇరాక్) పనిచేశారు. అక్కడ సమాధి లేనివారికి కట్టినది బస్రా స్మారకం. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కిన ఆ గోడల మీద భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కారు. మామూలు సిపాయిలకు దళం పేరు కింద ఒక సంఖ్య. ఈ అసమానత ఎంత పెద్దదో 2021లో కమిషనే ఒక నివేదికలో ఒప్పుకుంది. ఆ స్మారకం కూడా చోటు మారినదే. 1997 వరకు బస్రా దగ్గర మఖీల్ రేవులో ఉండేది, ప్రభుత్వ ఆదేశంతో నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల దూరానికి తరలించారు. పశ్చిమ గోదావరిలో ‘మిలిటరీ మాధవరం’ అని పిలుచుకునే ఊరుంది. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లినవారి పేర్లు ఇలా పలక మీద కూర్చి పెట్టినవారు ఎందరు? నా ముందున్న పద్దెనిమిది పేర్లను వదలకూడదన్న పట్టుదల ఆ రాత్రి మరింత పెరిగింది.

తరువాతి అడ్డంకి పెద్దది. బ్రిటిష్ సైనికుల సర్వీసు పత్రాలు 1940 సెప్టెంబరులో లండన్ మీద జరిగిన జర్మన్ బాంబుదాడిలో సగానికి పైగా కాలిపోయాయి. నావాళ్లలో ఇద్దరివే మిగిలాయి, వాటి అంచులు కూడా కాలి ఉన్నాయి. మతం సంగతి తేలలేదు. అప్పుడు దారి చూపించినవాడు బ్రాడ్‌ఫర్డ్ వదిలి వెళ్లినవాడే. మూడు అరుదైన ఇంటిపేర్లలో మరొకతను బ్రిటిష్ సైన్యంలో కాక కెనడా సైన్యంలో కనిపించాడు. యుద్ధానికి ముందే బతుకుతెరువు కోసం వలస వెళ్లి, అక్కడ చేరాడు. కెనడా వారు మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల పత్రాలన్నీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అతని ఫారంలో ఎత్తు, కళ్ల రంగు, చేసే పని, మతశాఖ అన్నీ ఉన్నాయి. మతశాఖ దగ్గర మెథడిస్టు. దగ్గరి బంధువు స్థానంలో తల్లి పేరు, బ్రాడ్‌ఫర్డ్ చిరునామా. సముద్రం దాటి వచ్చి అమ్మ చిరునామా రాసిన ఫారాలు నేనూ ఎన్నో నింపాను. ఆ గడిలో అతని చేతిరాత చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

1911 జనాభా లెక్కల పత్రాల్లో ఇంటి పెద్దలు స్వయంగా రాసిన వివరాలు ఉంటాయి. వాటి నుంచి పదకొండు కుటుంబాల చిరునామాలు తీశాను. ఆ వీధుల్లో చాలావరకు ఇప్పుడు లేవు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైటులో బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పాత పటాలను నేటి పటం మీద పరిచి చూపిస్తుంది. ఆ పటాల్లో ప్రార్థనాలయాలు ఏ శాఖవో కూడా రాసి ఉంటుంది. పదకొండు చుక్కలు పెడితే, వాటిలో తొమ్మిది చుక్కలు పది నిమిషాల నడక దూరంలో ఒకచోటికే చేరాయి. ఆ పరిధిలో మెథడిస్టు మందిరాలు రెండు: ఒకటి వెస్లియన్, ఒకటి ప్రిమిటివ్. అప్పట్లో ఇవి మెథడిస్టుల్లోనే వేర్వేరు శాఖలు.

ఇక పటాలతో పని లేదు. వెస్ట్ యార్క్‌షైర్ ఆర్కైవ్ సర్వీసు బ్రాడ్‌ఫర్డ్ శాఖలో రెండు మందిరాల ధర్మకర్తల మినిట్స్ పుస్తకాలు తెప్పించుకున్నాను. ప్రిమిటివ్ వారి పుస్తకంలో బొగ్గు ఖర్చులు, పైకప్పు మరమ్మతులు, ఆర్గను బాకీ. వెస్లియన్ వారి పుస్తకంలో 1920 చివర ఒక తీర్మానం: ఇత్తడి పలక, పద్దెనిమిది పేర్లు. ముందు పదిహేడే. ఒక తల్లి కోరిక మీద, కెనడా వెళ్లిన కుమారుడి పేరు కూడా, సండే స్కూలు విద్యార్థి అయినందువల్ల, చేర్చాలని నిర్ణయం. పలక మీద సండే స్కూలు మాట ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఎదురుగా కూర్చున్న ఉద్యోగిని నా ముఖం చూసి మెల్లగా ఒక చేతిరుమాలు ముందుకు జరిపింది.

తరువాతి కథ తొందరగానే కూడింది. 1932లో వెస్లియన్, ప్రిమిటివ్, యునైటెడ్ మెథడిస్టు శాఖలు ఒక్కటయ్యాయి. పక్కపక్కనే ఉన్న మందిరాలు రెండూ అవసరం లేకపోయాయి. పలక ఉన్న వెస్లియన్ మందిరం యుద్ధాల మధ్యకాలం దాటి నిలిచినా, వీధులు కూల్చినప్పుడు పోయింది. సభ్యులు పలకను తమతోపాటు మరో మందిరానికి తీసుకువెళ్లారు. తరువాత అదీ మూతపడింది. అక్కడి నుంచి లీడ్స్ గదికి ఎలా వచ్చిందో చెప్పే కాగితం నాకు దొరకలేదు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక వృద్ధురాలు మాత్రం ఫొటో చూడగానే, ఆర్గనుకు కుడివైపు ఉండేదని, నవంబరులో దాని కింద ఎర్రటి గసగసాల పూల దండ వేలాడదీసేవారని చెప్పారు. ఆమె చిన్నప్పుడు ప్రసంగం విసుగనిపిస్తే ఆ పేర్లు లెక్కపెట్టుకునేవారట.

పద్దెనిమిది మందిలో పదహారు మంది ఎవరో ఖాయమైంది. మిగిలిన ఇద్దరి ఇంటిపేర్లు మరీ సాధారణమైనవి, ఆ పేటలోనే నలుగురైదుగురు సరిపోతున్నారు. వారిలో ఎవరో ఒకరిని ఎంచుకుని రాయడానికి నాకు మనసొప్పలేదు. ఆ రెండు గళ్లూ ఖాళీగానే ఉంచాను.

పలకను కాపాడటం మా పని, సొంతం చేసుకోవడం కాదు. ఆ ప్రాంతపు మెథడిస్టు చర్చిల సముదాయాన్ని (సర్క్యూట్) చూసుకునే సూపరింటెండెంటు గారికి అన్ని పత్రాల నకళ్లూ ఇచ్చాను. పాత మందిరం స్థలంలో ఇప్పుడు ఇళ్లున్నాయి కాబట్టి, దగ్గరలో ఇంకా ఆరాధన జరుగుతున్న మెథడిస్టు చర్చి గోడకు బిగించాలని నిర్ణయించారు. మ్యూజియం జాబితాలో పాత చోటు, కొత్త చోటు రెండూ నమోదు చేయించాం.

పలక కింద పెట్టే చిన్న వివరణ ముసాయిదాను ఆ చర్చి కార్యదర్శి గారు నాకు చూపించారు. శ్రద్ధగా రాశారు. చివరి వాక్యంలో, పలకను తిరిగి ఈ చర్చిలో ప్రతిష్ఠించాం అని ఉంది. ఒక్క మాట మార్చగలరా అని అడిగాను. ఆయన ముందు అర్థం కానట్టు చూసి, తరువాత కలం తీసి “ఈ” కొట్టేశారు. దాని పైన చర్చి పేరు, వీధి పేరు, ఊరి పేరు రాశారు.