ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్ల కోసం
లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలినప్పుడు నాకు ఉద్యోగం కొత్త, మాదాపూర్‌లో రూమ్ కొత్త. కీమోలో జుట్టు ఊడటం కంటే, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్లేట్‌లెట్లు పడిపోవడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది, ఎందుకంటే అవి సాధారణంగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు, ముందే తెచ్చి దాచుకునే వీల్లేదు, ప్రతిసారీ ఎవరో ఒకరు రావాల్సిందే. వచ్చారు. కూకట్‌పల్లి నుంచి, ఉప్పల్ నుంచి, నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చి, చేతికి సూదితో గంటకు పైగా మెషిన్ పక్కన కూర్చుని, నా ముఖం కూడా చూడకుండానే వెళ్లిపోయారు. అమ్మ వాళ్లకు టీ ఇచ్చి పక్కకెళ్లి ఏడ్చేది.

ఇప్పుడు రెమిషన్, అంటే పరీక్షల్లో క్యాన్సర్ కనిపించట్లేదు. కానీ అది తిరగబెట్టకుండా వేసుకునే మెయింటెనెన్స్ మాత్రలు ఇంకా నడుస్తున్నాయి, కాస్త జ్వరం వచ్చినా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "తగ్గిపోయిందిగా, మరి పెళ్లెప్పుడు?" అనే బంధువులకు ఇదంతా ఎలా చెప్పను?

18 నిండి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్ డోనర్‌గా పేరు ఇవ్వండి, ప్లీజ్.