బీటిల్‌లో మాలిబు గుడికి, అరవై దాటకుండా

పాత బీటిల్ ఉందని తెలిసినవాళ్లు ఎవరైనా మొదట అడిగేది ఒకటే, "ఎంత స్పీడు పోతుంది?" అని. దానికి కంపెనీ లెక్క ఎప్పటినుంచో ఉంది. నాది 1967 మోడల్, 1500 సీసీ ఇంజన్, 53 హార్స్‌పవర్, గంటకు 78 మైళ్లు, మన లెక్కలో 125 కిలోమీటర్లు. అప్పటి ఫోక్స్‌వాగన్ పుస్తకాల్లో గరిష్ఠ వేగం, ఆగకుండా నడపదగ్గ వేగం రెండూ ఒకటేనని రాసేవాళ్లు, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోలుకోవచ్చని. కార్బురేటర్‌నీ, గాలీ పెట్రోలూ లోపలికెళ్లే గొట్టాన్నీ సన్నగా పెట్టారు కాబట్టి టాప్ గేర్‌లో చదును రోడ్డు మీద ఆ ఇంజన్ హద్దు మీరి తిరగలేదు, ఆ ధైర్యంతో రాసిన మాట అది. కొత్త బండికి, చల్లటి జర్మనీలో, చదునైన ఆటోబాన్ మీద అది నిజమే అయ్యుంటుంది. యాభై ఏళ్లు దాటిన బండికి, సెప్టెంబర్ ఎండలో, కాలిఫోర్నియా కొండల్లో ఎంతవరకు నిజమో శాన్ హోసే నుంచి మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చినప్పుడు బాగా తెలిసింది.

మాలిబు గుడి అంటాం కానీ అది ఉన్నది కలబాసస్‌లో, 101 హైవే దిగి లాస్ వర్జెనెస్ రోడ్డు పట్టుకుని కొండల మధ్యకు వెళ్తే వస్తుంది. మా ఇంటినుంచి మూడు వందల మైళ్ల పైచిలుకు. తొందరగా వెళ్లాలంటే ఐ-5 ఉంది, కానీ అక్కడ అందరూ ఎనభైలో పోతుంటారు, పైగా చివర్లో నాలుగు వేల అడుగులు దాటే గ్రేప్‌వైన్ ఎక్కుడు. ఈ బండికి ఆ దారి నేను ఎంచుకోను. 101 పాత దారి, ఊళ్ల మీదుగా పోతుంది, ఆగాలంటే ఎక్కడైనా ఆగొచ్చు. తోడుగా మా బామ్మర్ది వచ్చాడు. వాడు రోజూ నడిపేది ఎలక్ట్రిక్ కారు, ఇంజన్ శబ్దం వినే అలవాటే లేదు.

బయల్దేరే ముందు, ఇంకా తెల్లవారకముందే, టార్చ్ పట్టుకుని వెనకున్న ఇంజన్ మూత ఎత్తి ఫ్యాన్ బెల్ట్ చూశాను. బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి పోవాలి, అంతకంటే వదులైతే జారుతుంది, బిగుతైతే జనరేటర్ బేరింగ్ పోతుంది. బిగించే పద్ధతి కూడా వేరు, పుల్లీ రెండు చెక్కలుగా ఉంటుంది, మధ్యలో పల్చటి రేకు చక్రాలు, ఒకటి తీసి బయట పెడితే బెల్ట్ బిగుస్తుంది. "ఒక్క బెల్ట్ గురించి ఇంత టెన్షనా బావా?" అన్నాడు వాడు. ఈ బండిలో రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఇంజన్ పైన రేకు డొప్పలో పెద్ద ఫ్యాన్ ఉంటుంది, అది జనరేటర్ ఇరుసు మీదే తిరుగుతుంది, దాన్ని తిప్పేది ఈ ఒక్క బెల్టే. మన బజాజ్ చేతక్ స్కూటర్‌లో లాగే ఫ్యాన్ తోసిన గాలి సిలిండర్ల రెక్కల మధ్యగా పోయి చల్లబరుస్తుంది. బెల్ట్ తెగితే డాష్‌బోర్డు మీద జనరేటర్ ఎర్ర దీపం వెలుగుతుంది, ఆ దీపం వెలిగిన వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి, వచ్చే ఎగ్జిట్ దాకా పోదాంలే అనుకుంటే ఇంజన్ మిగలదు. అందుకే ఇంకో బెల్ట్, 21 నంబర్ స్పానర్, పుల్లీని పట్టుకోవడానికి స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ముందు డిక్కీలో ఉంటాయి.

కంపెనీ ఇచ్చిన టెంపరేచర్ మీటర్ ఈ కారులో లేదు. నేను విడిగా ఆయిల్ టెంపరేచర్ మీటర్ పెట్టించుకున్నాను. ఈ ప్రయాణమంతా నేను స్పీడోమీటర్ కంటే దాన్నే ఎక్కువ చూశాను. ఇంజన్‌లో పట్టేది రెండున్నర లీటర్ల ఆయిలే, వేడిలో చాలా భాగం అదే మోయాలి. 180 నుంచి 220 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే నాకు నిశ్చింత. 230 దాటితే వేగం తగ్గిస్తాను. 250 అయితే ఆపేయడమే.

గిల్రాయ్ దాటి సలీనాస్ లోయలోకి దిగేసరికి వెలుతురొచ్చింది. సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఇంకా పొలాల మీద ఉంది, బయట చల్లగా ఉంది, రోడ్డు చదును. కుడి లేన్‌లో అరవై దగ్గర పట్టి వదిలేశాను. నాలుగో గేర్‌లో అరవై అంటే ఇంజన్ నిమిషానికి సుమారు 3,000 చుట్లు, మీటర్ 190 దగ్గర కదలకుండా నిలబడింది. కాలిఫోర్నియాలో పెద్ద లారీలకు 55 మైళ్లే పరిమితి, కాబట్టి కుడి లేన్‌లో మనం ఎవరికీ అడ్డం కాదు. అరవైకి ఇంకో మంచి కారణం కూడా ఉంది. 1930లలో ఫెర్డినాండ్ పోర్షేకి ఈ కారు పని అప్పగించినప్పుడు అడిగిందే ఆటోబాన్ మీద గంటకు వంద కిలోమీటర్లు ఆగకుండా పోవాలని. వంద కిలోమీటర్లంటే 62 మైళ్లు. తర్వాత ఇంజన్లు పెద్దవయ్యాయి, పుస్తకంలో అంకె పెరిగింది, కానీ ఈ బండి శరీరం పుట్టింది ఆ వేగానికే అని నా నమ్మకం.

కింగ్ సిటీ దగ్గర పొగమంచు పోయి ఎండెక్కింది. బామ్మర్ది ఊరుకోలేక, "బావా, డెబ్భైలో ఒకసారి పోనివ్వవా, ఏమవుతుందో చూద్దాం" అన్నాడు. రోడ్డు ఖాళీగానే ఉంది కాబట్టి కాసేపు పోనిచ్చాను. హాయిగానే పోయింది, కొత్తగా ఏ చప్పుడూ రాలేదు. మీటర్ మాత్రం మెల్లగా 200, 210, 215 అంటూ ఎక్కుతూనే ఉంది. చూడ్డానికి గుండ్రంగా ముద్దుగా ఉన్నా బీటిల్ గాలిని సులువుగా చీల్చుకుపోయే ఆకారం కాదు, ఆకారాన్ని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే డ్రాగ్ అంకె దానికి 0.48 దాకా ఉంటుంది. గాలిని తోయడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది, అరవై నుంచి డెబ్భైకి వెళ్తే గాలి కోసమే ఇంజన్ ఒకటిన్నర రెట్లకు పైగా కష్టపడాలి. ఫ్యాన్ తిరిగేది మాత్రం ఆరింట ఒక వంతే ఎక్కువ. మిగిలిన వేడి ఎక్కడికి పోతుంది, ఆయిల్‌లోకీ, సిలిండర్ హెడ్‌లలోకీ.

ఆ వేడి అన్ని సిలిండర్ల మీదా సమానంగా పడదు. 1971కి ముందు బండ్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డొప్ప లోపలే, మూడో సిలిండర్‌కి గాలి వెళ్లే దారిలో నిలబడి ఉంటుంది. కూలర్‌ని దాటి వేడెక్కిన గాలే ఆ సిలిండర్‌కి దక్కుతుంది. అందుకే ఈ ఇంజన్లలో ముందు కాలిపోయేదీ, విరిగేదీ మూడో సిలిండర్‌లో పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వే. విరిగిన వాల్వు ముక్క పిస్టన్ మీద పడితే మొత్తం ఇంజన్ దింపాల్సిందే. డెబ్భైలో పోతున్నప్పుడు సీటు వెనక ఏం జరుగుతోందో చెవికి వినిపించదు కాబట్టే ఇది ప్రమాదం. మళ్లీ అరవైకి దింపాను, మీటర్ 205కి వచ్చాకగానీ మనసు కుదుటపడలేదు.

పాసో రోబ్లెస్‌లో పెట్రోలూ, ఇడ్లీ డబ్బా. తర్వాత క్వెస్టా గ్రేడ్. దక్షిణంగా వెళ్లేవాళ్లకు ఇది దిగుడు, శాన్ లూయిస్ ఒబిస్పో వైపు ఏడు శాతం వాలు. ఇక్కడ ఎంత వేగం అన్నది బ్రేకులు చెప్పాలి. అమెరికాకి వచ్చిన ఈ మోడల్‌కి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. కాలు తీయకుండా తొక్కుతూ దిగితే డ్రమ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి పోతుంది, షూలూ వేడికి పట్టు వదిలేస్తాయి. కొండ పైనే మూడో గేర్ వేసి నలభైలో ఇంజన్ పట్టు మీద దిగాను, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా ఒక్కసారి తొక్కి వదిలేశాను. డెబ్భైలో ఉన్న బండిని ఆపాలంటే అరవైలో ఉన్న బండి కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ శక్తిని ఆ నాలుగు డ్రమ్ములే మింగాలి. ముందున్నవాడు డిస్క్ బ్రేకుల కొత్త కారు, వాడు ఆగినంత దూరంలో మనం ఆగలేం. తగిలితే కాపాడటానికి ఎయిర్‌బ్యాగులు లేవు, తల వెనక ఆసరా లేదు, స్టీరింగ్ రాడ్డు గుద్దుకు ముడుచుకునే రకం కాదు. ఇంజన్ ఎంత బాగున్నా సరే, నా దృష్టిలో అరవై దాటకూడదనడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

శాంటా బార్బరా దాటి, వెంచురా దాటి కమరిల్లో వచ్చేసరికి మధ్యాహ్నం. ఎదురుగా కొనేహో గ్రేడ్, మళ్లీ ఏడు శాతం, ఈసారి ఎక్కుడు, నడినెత్తిన ఎండ. ఎక్కుడు మొదట్లోనే మూడో గేర్ వేశాను. ఇంజన్ గట్టిగా అరిచింది. "ఫోర్త్‌లోనే లాగుతోంది కదా బావా, ఎందుకు దాన్ని అంత కష్టపెడుతున్నావు?" అన్నాడు బామ్మర్ది భయంగా. "కష్టపెట్టట్లేదురా, గాలి పెట్టిస్తున్నా" అన్నాను. చాలామందికి అర్థం కానిది ఇక్కడే ఉంది. నలభై అయిదు మైళ్ల దగ్గర నాలుగో గేర్‌లో ఇంజన్ 2,250 చుట్లు తిరుగుతుంది, అదే వేగానికి మూడో గేర్‌లో సుమారు 3,200. కొండ ఎక్కడానికి కావలసిన పవర్ రెండిట్లోనూ అంతే, కానీ మూడో గేర్‌లో ఫ్యాన్ నలభై శాతం ఎక్కువ తిరుగుతుంది, ఆయిల్ పంపు కూడా. నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుని బండి మూలుగుతూ నలభైకి, ముప్పై అయిదుకి పడిపోతుంటే అదీ ఇంజన్‌ని నిజంగా కాల్చేసేది. మెల్లగా పోతున్నాం కదా, ఏం కాదులే అనుకుంటాం. డెబ్భైలో చదును మీద పోవడం కంటే అది చెడ్డది.

మీటర్ 215, 225. ఇంజన్ గదిలోకి చల్లగాలి వచ్చేది వెనక అద్దం కింద ఉన్న సందుల్లోంచే, అడుగునున్న సైలెన్సర్ వేడి పైకి రాకుండా ఇంజన్ చుట్టూ రేకులు, రబ్బరు పట్టీ ఉంటాయి. ఆ రబ్బరు చిరిగిపోయినా, ఎవరో మెకానిక్ రేకు ఒకటి బిగించకుండా వదిలేసినా ఫ్యాన్ కాలిన గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఎండాకాలానికి ముందే నేను ఆ పట్టీ మొత్తం మార్పించాను, ఆ డబ్బులు ఆ పది నిమిషాల్లో పనికొచ్చాయి. 233 దగ్గర కొండ పైకి చేరాం. పైన ఆపలేదు. వేడి మీదున్న ఇంజన్‌ని టక్కున ఆపితే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, అందుకని తేలికగా యాభైలో థౌజండ్ ఓక్స్ మీదుగా పోనిచ్చాను, గుడి ఎగ్జిట్ వచ్చేసరికి 208.

లాస్ వర్జెనెస్ రోడ్డు మలుపులు అందంగా ఉంటాయి, జాగ్రత్తగానూ ఉండాలి. 1968 వరకు అమెరికా బీటిల్స్‌కి వెనక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రం తన ఇరుసుతో పాటే పైకీ కిందికీ ఊగే రకం. మలుపులోకి వేగంగా వెళ్లి భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పైకి లేస్తుంది, చక్రం లోపలికి ముడుచుకుంటుంది, బరువంతా వెనకే కాబట్టి తోక తిరుగుతుంది. మలుపుకి ముందే తగ్గించుకుని, లోపల కాలు నిలకడగా ఉంచాలి. టైర్లలో గాలి ముందు తక్కువ, వెనక ఎక్కువ ఉండాలని కంపెనీ చెప్పింది కూడా ఇందుకే.

దర్శనం ప్రశాంతంగా అయింది. తెల్లటి గోపురం, చుట్టూ ఎండిన గోధుమరంగు కొండలు, పులిహోర ప్రసాదం. పార్కింగ్‌లో కొత్త కారుకి పూజ చేయించుకుంటున్న ఒక పెద్దాయన మా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "నాయనా, దీంట్లో అంత దూరం నుంచి వచ్చారా!" అని మిగిలిన నిమ్మకాయలు మా టైర్ల కింద పెట్టించారు. ఆ రాత్రి థౌజండ్ ఓక్స్‌లో చుట్టాలింట్లో పడుకుని మర్నాడు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం.

శాంటా బార్బరా దాటాక సాయంత్రం గాలి మొదలైంది. అక్కడివాళ్లు సన్‌డౌనర్ అంటారు, కొండల మీంచి సముద్రం వైపు తోసేస్తుంది. మాకు అది కుడిపక్క నుంచి. ముందు భాగం తేలిక, బరువు వెనక, గాలి కొట్టగానే ముక్కు పక్క లేన్ వైపు జరిగింది. యాభైకి దింపాను, లారీ పక్కనుంచి పోయినప్పుడు నలభై అయిదుకి. గవియోటా సొరంగంలోంచి బయటికి రాగానే ఇంకో విసురు. స్టీరింగ్ బిగబట్టకుండా వదులుగా పట్టుకుని కొద్దికొద్దిగా సరిచేసుకుంటూ పోవాలి, గట్టిగా తిప్పితే గాలి ఆగిన క్షణంలో బండి అటువైపు దూకుతుంది. బామ్మర్ది పైనున్న పట్టీ పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ ఇంజన్ 200 కూడా దాటలేదు, అయినా ఆ గాలిలో యాభైకి మించి ఒక్క మైలు కూడా సరికాదు.

క్వెస్టా గ్రేడ్ ఈసారి ఎక్కుడు, కానీ చల్లబడింది, మూడో గేర్‌లో నలభై అయిదులో 220 దగ్గరే పైకి చేరాం. పైన స్టీరింగ్ వాడికిచ్చాను. కింగ్ సిటీ దాకా వాడే నడిపాడు, కుడి లేన్‌లో, అరవైలో, ఎదురుగాలి వచ్చి బండి తగ్గితే మూడోకి మార్చి, చెప్పకుండానే మీటర్ చూసుకుంటూ.

ఇంటికొచ్చాక ఇంజన్ రాత్రంతా చల్లారనిచ్చి వాల్వులు చూశాను. ఈ పని ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర గ్యాప్ కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్, పోయినసారి జారినట్టే జారింది, గ్యాప్ తగ్గలేదు. తగ్గి ఉంటే వాల్వు సాగుతోందని అర్థం. ఆయిల్ మార్చి, ఆయిల్ వడకట్టే జాలీ కడిగి బిగించాను. వచ్చే ఎండాకాలం లోపల 1971 తర్వాతి బండ్లలో వచ్చిన ఫ్యాన్ డొప్ప పెట్టించాలనుకుంటున్నాను, దాంట్లో ఆయిల్ కూలర్‌కి విడిగా గాలి దారి ఉంటుంది, మూడో సిలిండర్‌కి నేరుగా చల్లగాలి అందుతుంది. అది పెట్టించాక కూడా కుడి లేనే, అరవయ్యే.