మార్కుల కాగితం మీద సంతకం పెట్టనంది

"అమ్మా, డాక్టర్ కాగితం మీద సంతకం పెడతాను. కాలేజీ కాగితం మీద మాత్రం పెట్టను" అంది మా అమ్మాయి. మొదటిది తన సైకియాట్రిస్ట్ మాతో మాట్లాడ్డానికి. రెండోది తన మార్కులూ హాజరూ మాకు చూపించడానికి. "నా ప్రాణం మీదకొస్తే మీకు తెలియాలి. కెమిస్ట్రీలో ఎంతొచ్చిందో తెలియక్కర్లేదు" అని కారణం కూడా చెప్పింది.

అమెరికాలో ఇది తన హక్కే. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, పిల్లలు కాలేజీలో చేరగానే చదువు రికార్డుల మీద హక్కు వాళ్ళకి వెళ్ళిపోతుంది. ఫీజు మనం కట్టినా సరే, చాలా కాలేజీలు పిల్లల సంతకం లేనిదే నోరు విప్పవు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం చెప్పే వీలుంది. హైస్కూల్ దాకా ప్రతి మీటింగులో టీచర్ల ఎదురుగా కూర్చున్న నాకు ఇది మింగుడుపడలేదు. ఇప్పటికీ పూర్తిగా పడలేదు.

తనది బైపోలార్, అంటే మనసు కొన్నాళ్ళు ఉన్మాదంలోకి, కొన్నాళ్ళు కుంగుబాటులోకి ఊగిపోయే జబ్బు. ఈ జబ్బు ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ప్రాంతంలోనే బయటపడుతుంది, అంటే సరిగ్గా డిగ్రీ చదివే రోజుల్లో. రాత్రంతా మేలుకొని చదివితే మన ఇళ్ళల్లో మెచ్చుకుంటారు. ఈ జబ్బున్నవాళ్ళకి నిద్ర తగ్గడమే ప్రమాదం, ఉన్మాద దశని అదే రెచ్చగొట్టొచ్చు. దీనికిచ్చే లిథియం మందు వేసుకుంటే రక్తపరీక్షలు తప్పవు. దాహం ఎక్కువవుతుంది, కొందరికి చేతులు వణుకుతాయి. ఆ చేతులతో ల్యాబులో పిపెట్ పట్టుకోవాలి. అది చూసినవాళ్ళు "కాస్త మనసు గట్టి చేసుకో" అనలేరు.

సాటి తల్లిదండ్రులకి ఒకటి గట్టిగా చెబుతాను. కాలేజీలో డిసేబిలిటీ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం) మానసిక జబ్బులకీ వర్తిస్తాయి. పరీక్షకి అదనపు సమయం, విడిగా ఒక గది, మందు మత్తు వల్ల పొద్దున్నే లేవలేనివాళ్ళకి క్లాసుల వేళల్లో సర్దుబాటు, ఇలాంటివి అడగొచ్చు. కానీ అడగాల్సింది విద్యార్థే, మనం కాదు. ప్రొఫెసర్‌కి వెళ్ళే ఉత్తరంలో మామూలుగా జబ్బు పేరు రాయరు. పరీక్ష పోయాక వెనక్కి వెళ్ళి సరిచేయడం కష్టం, అందుకే బాగున్నప్పుడే పేరు నమోదు చేయించుకోవాలి. మరీ బాగోలేకపోతే మెడికల్ లీవ్ ఉంది. తిరిగి చేరేటప్పుడు చాలాచోట్ల డాక్టర్ ఉత్తరం అడుగుతారు.

మన ఊళ్ళ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లల గురించి నాకు ఇంకా బెంగ. వీసా పోతుందన్న భయంతో చెప్పుకోరు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు కూడా డాక్టర్ సిఫారసుతో సబ్జెక్టులు తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా ఆపొచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా ఈ వెసులుబాటు ఉంది. అయితే సబ్జెక్టు వదలకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. మరీ తట్టుకోలేని రాత్రి అమెరికాలోని సంక్షోభ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు. ఇండియాలో ఉన్నవాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.

ఇంతవరకూ ధైర్యంగానే చెప్పగలను. ఇంటి విషయానికొస్తే తడబడతాను. ఇందులో దాచాల్సిందేమీ లేదని అమ్మాయికి చెబుతాను. గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి "దాని చదువెప్పుడు అయిపోతుందే?" అంటే మాట మారుస్తాను. పక్కగదిలో తను వింటూనే ఉంటుంది.

ఎలిన్ శాక్స్ గురించి తనకి చాలాసార్లు చెప్పాను. యేల్ యూనివర్సిటీలో లా చదువుతూ స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఆస్పత్రిపాలైన ఆవిడ, తర్వాత యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా)లో లా ప్రొఫెసర్ అయింది. 2009లో మెకార్థర్ ఫెలోషిప్ అనే పేరున్న గౌరవం వచ్చింది. మొన్న మళ్ళీ ఆ మాటెత్తితే అమ్మాయి కోప్పడలేదు. నెమ్మదిగా అడిగింది: "ఆవిడ ప్రొఫెసర్ అయింది కాబట్టి చెప్తున్నావు. నేను డిగ్రీ పూర్తి చేయలేకపోతే, అప్పుడు ఎవరి గురించి చెప్తావమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. చదువు తనకి ఇష్టం, అది నాకు తెలుసు. లీవ్‌లో ఉన్నప్పుడు కూడా పుస్తకాలు తెరిచి కూర్చునేది. ఆ ఇష్టానికి నా ఆశ తోడైతే అది బలమవుతుందో బరువవుతుందో తెలియడం లేదు.

వచ్చే సెమిస్టర్ రెండు సబ్జెక్టులు తీసుకుంటానంది. ఫీజు సాయం, ఇన్సూరెన్స్ ఏమవుతాయో ముందే కనుక్కోమన్నాను. మూడు తీసుకోగలవేమో అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. అది తన బాగు కోసమా, గుంటూరుకి చెప్పుకోవడానికా అన్నది నాకింకా తేలలేదు.