అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టిన ఏడాది: నా అనుభవం

ఇంటర్ సెకండియర్ ఎంపీసీలో ఉండగా, 2023 ఆగస్టులో, అమెరికాలో డిగ్రీ చదవడానికి దరఖాస్తు పెట్టాలని నేను నిర్ణయించుకున్నాను. అంతకుముందు మా కాలేజీలో ఆ పని చేసినవారు ఒక్కరూ లేరు. మా వైపు నుంచి అమెరికా వెళ్లేవారంతా ఇక్కడ బీటెక్ ముగించి, బ్యాంకు అప్పు తీసుకుని ఎంఎస్‌కు వెళ్లేవారే. నేను తిరిగిన అమీర్‌పేట కన్సల్టెన్సీలకు కూడా ఆ దారి తప్ప మరొకటి తెలియదు. మాది ఖమ్మం జిల్లాలో నాలుగెకరాల మిర్చి రైతు కుటుంబం. అక్కడి పెద్ద కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుంది కనుక, పొలమంతా అమ్మినా అది రెండేళ్ల చదువుకు మించి రాదు.

అందుకే నా జాబితా ర్యాంకులను చూసి తయారైనది కాదు. విదేశీ విద్యార్థి ఆర్థిక సహాయం అడిగితే చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ అడగడమే సీటు నిర్ణయంలో ఒక లెక్కగా మారుతుంది. అలా చూడకుండా ఎంపిక చేసి, చేర్చుకున్నాక కుటుంబం భరించలేనిదంతా తామే భరించేవి ఆ ఏడాది ఏడు ఉండేవి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హెర్స్ట్, బోడిన్. ఏడింటికీ పెట్టాను. ఆ ఏడాది హార్వర్డ్‌కు 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందికి సీటు వచ్చింది. ఇక ఎంఐటీలో దరఖాస్తు చేసిన విదేశీయుల్లో సీటు దక్కేది దాదాపు 2 శాతం మందికే. అంకెలు ఇలాగే ఉంటాయని తెలిసే దిగాను, కానీ ఇంట్లో మాత్రం ఆ మాట చెప్పలేదు.

ఎంఐటీకి సొంత పోర్టల్ ఉంది. మిగతా ఆరింటికీ, ఎన్నో కాలేజీలకు కలిపి ఒకే ఆన్‌లైన్ దరఖాస్తుగా పనిచేసే కామన్ యాప్ ఒక్కటే సరిపోతుంది. నేను నింపాల్సినది త్వరగానే నిండింది. కష్టమంతా కాలేజీ నింపాల్సిన దానితో వచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు, విద్యార్థులకు చదువు విషయంలో సలహా ఇచ్చే కౌన్సెలర్ లేఖ, ఇద్దరు అధ్యాపకుల సిఫారసులు కావాలి. మా కార్పొరేట్ కాలేజీలో కౌన్సెలర్ అనే ఉద్యోగమే లేదు, కాబట్టి ఆ పాత్ర ప్రిన్సిపాల్ సార్ మీద పడింది. మొదటిసారి ఆయన గదికి వెళ్లినప్పుడు, "ఏమ్మా, ఎంసెట్ రాయవా?" అని అడిగారు. రాస్తానని చెప్పాక గానీ కాగితాల మాట వినలేదు.

తొమ్మిదో తరగతి కథ వేరు. అది మా మండలంలోని బడిలో, 2020–21లో, కోవిడ్ కాలంలో గడిచింది. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒకటి నుంచి తొమ్మిది తరగతుల వరకు పరీక్షలు లేకుండానే అందరినీ పై తరగతికి పంపింది. రిజిస్టరులో నా పేరు ఎదురుగా మార్కులు లేవు, 'ప్రమోటెడ్' అన్న మాట ఒక్కటే ఉంది. ఆ పేజీకి జిరాక్స్ తీయించి, హెడ్మాస్టరు గారితో లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల వివరణ రాయించుకున్నాను. పదో తరగతి జీపీఏ, ఫస్టియర్‌లో 470కి 464 మార్కులు చూపే మెమోలతో పాటు దాన్నీ జతచేశాము. ఫిజిక్స్ సార్ రాసిన మొదటి లేఖ అచ్చం కాండక్ట్ సర్టిఫికెట్‌లా ఉంది: క్రమశిక్షణ గలది, వినయం గలది, హాజరు బాగుంది. ఆయనకు చెప్పడానికి నాకు మొహమాటం వేసి, అమెరికా ప్రభుత్వ విద్యా సలహా సంస్థ ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ వారి ఉచిత సూచనల కాగితాన్ని ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. రెండో లేఖను ఆయన నాకు చూపించలేదు, చూపించకూడదు కూడా. కానీ స్టడీ అవర్‌లో నేను ఆయనతో వాదించిన లెక్క ఏమిటో గుర్తుందా అని ఒకరోజు అడిగారు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది సహాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్. నెల జీతం వచ్చే ఉద్యోగుల కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన ఫారమ్ అది. ఆదాయపు పన్ను రిటర్ను అడుగుతుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనుక నాన్న ఏనాడూ రిటర్ను వేయలేదు. ఇల్లు ఏ సంవత్సరంలో, ఎంతకు కొన్నారని అడుగుతుంది. మా పెంకుటిల్లు తాత కట్టినది, కొన్నది కాదు. ఏటా వచ్చే ఇతర సొమ్ము అడుగుతుంది. అప్పట్లో ఎకరాకు పంటకు ఐదు వేల చొప్పున వచ్చిన రైతుబంధు, రెండు పంటలకు కలిపి 40 వేలు, అక్కడ రాశాను. నాన్న పేరిట పట్టాదారు పాసుపుస్తకం ఉంది, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకున్నాము. భూమి విలువ దగ్గర మాత్రం రెండు రాత్రులు ఆగిపోయాము. ప్రభుత్వ లెక్కలో ఒక ధర, రోడ్డు పక్కన వెంచర్లు పడ్డాక ఊళ్లో చెప్పుకునే ధర దానికి ఎన్నో రెట్లు. నాన్న ఆలోచించి, "అమ్మే ఉద్దేశం లేని భూమికి ధరేంది?" అన్నారు. చివరికి ప్రభుత్వ ధరే వేసి, ఊరి ధరను వివరణ గడిలో దాచకుండా రాశాను.

ఆదాయం కూడా అంత తిన్నగా లేదు. ఆ దరఖాస్తుకు కాలేజీలు ప్రధానంగా చూసింది 2022 సంవత్సరాన్ని. ఆ ఏడాది మొదట్లో కోసిన పంట నల్ల తామర పురుగు తిన్నాక మిగిలినది. మా జిల్లాలో, గుంటూరు వైపూ పూతకు పూతే రాలిపోయిన సీజను అది. మరుసటి ఏడు ధర బాగా పలికింది. ఒక ఏడు చూస్తే మేము నిరుపేదలం, మరో ఏడు చూస్తే ఫరవాలేని వాళ్లం. రెండేళ్ల తక్‌పట్టీలనూ, అంటే మార్కెట్లో కమిషన్ వ్యాపారి అయిన అడ్తీదారు రాసిచ్చే అమ్మకం చీటీలను, ఇంగ్లీషులోకి అనువదించి పంపాను. అడ్తీదారు చేతిరాతను చదవడం అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎస్ఏటీ కంటే కష్టమనిపించిన మాట నిజం. ఆ ఎస్ఏటీలో 1520 వచ్చింది. దాని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

కామన్ యాప్‌లో వ్యాపకాలకు పది గడులు ఉంటాయి, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలకు మించకూడదు. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు స్టడీ అవర్లు నడిపే కాలేజీలో వ్యాపకాలేముంటాయని మొదట నిరాశపడ్డాను. కానీ ఆ గడుల పట్టికలో కుటుంబ బాధ్యతలకు కూడా చోటు ఉంది. సంక్రాంతి సెలవుల్లో కల్లంలో కూర్చుని తేజ రకం మిర్చిలోంచి తాలు కాయలు ఏరడం, రాత్రి చేతులు మండి నిద్ర పట్టక నూనె రాసుకోవడం, నాన్న తరఫున మార్కెట్ యార్డులో లెక్క చూడడం నా పదేళ్ల జీవితం. దాన్ని మొదటి గడిలో పెట్టాను. 650 పదాల వ్యాసం కూడా మొదట చిన్ననాటి సైన్సు ఇష్టం గురించి రాసి, అది ఎవరి పేరు పెట్టినా సరిపోతుందని గ్రహించి చించేశాను. రెండోసారి ఒకే ఒక్క తక్‌పట్టీ మీద రాశాను: బస్తాకు తీసిన తరుగును కూడికలో రెండుసార్లు తీసివేసినట్టు పన్నెండేళ్ల వయసులో నేను కనిపెట్టడం, నాన్న అడ్తీదారు ముందు నన్ను మాట్లాడమనడం, నా గొంతు పెగలకపోవడం.

నవంబరు గడువుకు కాగితాలు కుదరలేదు కాబట్టి ఎర్లీ డెసిషన్ (ఒక కాలేజీకి ముందే దరఖాస్తు పెట్టి, సీటొస్తే అక్కడే చేరతానని మాట ఇవ్వడం) ఆలోచన వదిలేసి, అన్నీ జనవరి మొదటి రోజులకే పంపాను. ఎంఐటీ ఫలితం 'పై' (π) దినమైన మార్చి 14న, అక్కడి సమయం సాయంత్రం 6:28కి, అంటే మనకు మార్చి 15 తెల్లవారుజామున 3:58కి వచ్చింది. ఇంటర్ పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. రాలేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ నెలాఖరున ఒకేసారి తెల్లవారుజామున 4:30కి తెరుచుకున్నాయి. నాలుగూ లేదన్నాయి. బోడిన్ వెయిట్‌లిస్టులో పెట్టింది. మార్చిలోనే వచ్చిన ఆమ్‌హెర్స్ట్ లేఖలో మాత్రం 'అభినందనలు' అని ఉంది, దాని కింద సహాయం లెక్క ఉంది. నాన్న అభినందనల దగ్గర ఆగలేదు. వేలు పెట్టి చివరి వరుసలో మేము కట్టాల్సిన అంకె దాకా చదివించుకుని, "ఇది ఒక కోత డబ్బు" అన్నారు.

నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అయితే ఇంటర్ ఫలితాలు వచ్చాక తుది మార్కుల నివేదిక మళ్లీ కాలేజీయే పంపాలని ఉంది, అందుకని జూన్‌లో నేను మరొకసారి ఆఫీసుకు వెళ్లాను. నన్ను చూడగానే క్లర్కు గారు సొరుగులోంచి స్టాంపు, ప్యాడు తీసి బల్ల మీద పెట్టుకుని, "ఈసారి ఏ పేజీ మీదమ్మా?" అన్నారు.