ఎంజీబీ జంట కార్బురేటర్లు: అనంతపురంలో నా అనుభవం

మా మామయ్య నాకిచ్చిన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపేవి) రెండున్నాయి. ఐడ్లింగ్‌లో బండి వణికేది. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలేది. చూసినవాళ్లంతా ట్యూనింగ్ చేయించమన్నారు. బిగించి ఉన్నవి ఏ రకమో తేలేదాకా ఒక్క స్క్రూ కూడా కదపకూడదని నేను పట్టుబట్టాను.

కార్బురేటర్‌కి పెట్రోలు నిలవుండే గిన్నె, అంటే ఫ్లోట్ చాంబర్, మూత స్క్రూ కింద నంబరు బిళ్ల ఉండాలి. మా బండిలో రెండింటికీ లేదు. అప్పుడు ఆకారమే ఆధారం. చాంబర్ పక్కన విడిగా ఉంటే హెచ్‌ఎస్, అడుగున కలిసిపోయి ఉంటే తర్వాత వచ్చిన హెచ్‌ఐఎఫ్. మావి పక్కనే ఉన్నాయి. కార్బురేటర్ గొంతు లోపలి వ్యాసం కొలిస్తే 38 మి.మీ., అంటే 1.5 అంగుళాలు. ఈ హెచ్‌ఎస్ పేర్లలో చివరి అంకె, అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. హెచ్‌ఎస్2 అంటే 1.25, హెచ్‌ఎస్6 అంటే 1.75. కాబట్టి మావి హెచ్‌ఎస్4. ఇక జెట్ అనే పెట్రోలు రంధ్రంలో ఆడుతూ పెట్రోలు మోతాదు నిర్ణయించే సూదులు తీసి, మొదట్లో చెక్కిన గుర్తులు భూతద్దంతో చూస్తే ఒకదానిదొకటి, రెండోదానిదొకటి! ఇలా ఉంటే ఎంత తిప్పినా రెండూ కలవవు. జత సూదులు, జెట్‌లు తెప్పించాను.

ఊళ్లో అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన ఒక పెద్దాయన ఉన్నాడు. చూడగానే, "మన అంబాసిడర్‌దే కదప్పా ఇది, రెండు పెట్నారు, అంతే" అన్నాడు. నిజమే. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎంజీబీ 1798 సీసీ ఇంజన్ రెండూ బీఎంసీ బీ-సిరీస్ కుటుంబమే. ఆయన థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే తలుపు ఇరుసు) పట్టుకుని ఊపాడు, కదిలింది. ఇంజన్ నడుస్తుండగా అక్కడ క్లీనర్ స్ప్రే చేస్తే శబ్దం మారింది. అరిగిన సందులోంచి గాలి లోపలికి పోతోందన్నమాట. లేత్ షాపులో బుష్‌లు వేయించాం. అసలు రోగం సగం అక్కడే కుదిరింది.

వాల్వుల ట్యాపెట్లు, ఇగ్నిషన్ పాయింట్లు, టైమింగ్ సరిచేశాకే కార్బురేటర్ల జోలికెళ్లాం. కార్బురేటర్ల పైన పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే డ్యాంపర్లలో 20 గ్రేడ్ ఆయిల్ పోసి, రెండు స్పిండిల్స్‌నీ కలిపే క్లాంప్ వదులు చేశాం. ఎయిర్ ఫిల్టర్లు తీసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిదగ్గర, రెండోది కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి, రెండు బుసలూ సమానమయ్యేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పాం. గేజీలు ఉన్నా ఈ పద్ధతి మీదే నాకు నమ్మకం. తర్వాత మిక్స్చర్, అంటే గాలి-పెట్రోలు పాళ్లు. జెట్ నట్టు పైకి పోతే పెట్రోలు తగ్గుతుంది, కిందికి దిగితే పెరుగుతుంది. కార్బురేటర్ లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు లోపే లేపి చూడాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, పడిపోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలులో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ వల్ల మిక్స్చర్ పలచబడుతుంది, అంటే ఇంధనం పాలు చాలదు. అందుకే జెట్ నట్టు ఒక పలక (ఆరు పక్కల్లో ఒక పక్క తిప్పినంత) అదనంగా దించాం, పాత రబ్బరు పైపులు మార్చేశాం. ఎంజీబీలో కార్బురేటర్ల కిందే వేడి పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. మన మే నెల ఎండలో బండి ఆపగానే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మరుగుతుంది. మధ్యలో ఉండే హీట్ షీల్డ్ మీద పాత ఆస్బెస్టాస్ పొర రాలిపోయి ఉంటే, ఈ కాలపు ఇన్సులేషన్ అంటించి తీరాలి. గుత్తి వైపు హైవే మీద నడిపొచ్చి ప్లగ్గులు తీస్తే నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి, అంటే మిక్స్చర్ కుదిరినట్టే.