డిప్రెషన్ సర్టిఫికెట్‌తో కండోనేషన్ - నా అనుభవం

కండోనేషన్ లిస్ట్‌లో, అంటే అటెండెన్స్ తక్కువైనా పరీక్ష రాయనిచ్చేవాళ్ళ లిస్ట్‌లో, నా నంబర్ వచ్చేసింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

బీటెక్ థర్డ్ ఇయర్ నాది. సెమిస్టర్ మధ్యలో నిద్ర పోయింది, ఆకలి పోయింది, హాస్టల్ మెస్ దాకా నడవాలన్నా ఏడుపొచ్చేది. అమ్మ దిష్టి అంది. ఒక రాత్రి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశా. గవర్నమెంట్‌దే, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడారు, సైకియాట్రిస్ట్‌ని కలవమన్నారు. డాక్టర్ మేడం ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాసి, కౌన్సెలింగ్‌కి కూడా రమ్మన్నారు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పొచ్చు, బాగున్నా కదా అని నీ అంతట నువ్వు ఆపొద్దు అన్నారు. ఇక్కడిదాకా ఏ గొడవా లేదు.

అసలు నరకం కాలేజీ ఆఫీసులో. మా జేఎన్‌టీయూ రూల్ ప్రకారం అటెండెన్స్ 75 శాతం ఉండాలి, 65 దాటి ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఫీజు కట్టాలి. నాకు 67. సర్టిఫికెట్ కవర్‌లో పెట్టి అతికించి మరీ ఇచ్చా. కౌంటర్‌లో ఆయన కవర్ చింపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, క్యూ మొత్తానికి వినపడేలా "డి... ప్రె... సివ్ ఎపిసోడ్" అని కూడబలుక్కుని చదివాడు. "ఏంటమ్మా, లవ్ ఫెయిల్యూరా? టైఫాయిడ్ అని రాయించుకురా పో, అందరూ అదే తెస్తారు." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నిజం జబ్బుకి నిజం సర్టిఫికెట్ తెస్తే దొంగ టైఫాయిడ్ తెమ్మంటాడా? ఇన్సూరెన్స్‌లో మానసిక జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని 2017లోనే చట్టం తెచ్చారు, ఆ కౌంటర్ దాకా మాత్రం రాలేదు పాపం.

నాకు నోరు పెగల్లేదు. అప్పుడు వెనక నుంచి "సార్, రిసీవ్డ్ స్టాంప్ వేసివ్వండి చాలు" అని వినిపించింది. మా ల్యాబ్ బ్యాచ్ అబ్బాయే. హీరోలా ఏం కాదు, వాడి గొంతు కూడా వణికింది. స్టాంప్ పడింది. బయటికొచ్చాక వాడు జబ్బు గురించి ఒక్క ముక్క అడగలేదు, రికార్డ్ ఎప్పుడు సబ్మిట్ చేయాలో చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం అయితే చాలు వాట్సాప్‌లో నోట్స్ ఫొటోలు. చాన్నాళ్ళు రిప్లై ఇవ్వలేదు నేను. చివరికి ఒకసారి "నాలుగో పేజీ బ్లర్" అని పెడితే, తెల్లారి ఆ పేజీ మళ్ళీ రాసి తెచ్చాడు, మార్జిన్ కూడా స్కేలుతో గీసి. ఆ కాయితం నా దగ్గరే ఉంది, ఇవ్వను.

వాడి వల్లే తగ్గిందా అని ఫ్రెండ్స్ ఒకటే గోల. కాదు బాబూ, మందులకి, కౌన్సెలింగ్‌కి తగ్గుతోంది. మీరెవరైనా ఇలా తిరుగుతుంటే ఆ కౌంటర్ జోలికి పోకండి, హెచ్‌ఓడీకి ఇవ్వండి, జిరాక్స్ మీద స్టాంప్ వేయించుకోండి, సర్టిఫికెట్‌లో డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి.

మొన్న బస్టాప్‌లో వాడు "నువ్వంటే ఇష్టం, తొందరేం లేదు" అన్నాడు. ముందు డాక్టర్ మేడంకే చెప్పా, ఆవిడ నవ్వారు, డోస్ మాత్రం మార్చలేదు. వాడితో మాత్రం "ఎక్స్‌టర్నల్స్ (సెమిస్టర్ చివరి పరీక్షలు) అయ్యాక చెప్తా" అన్నా.

"సరే గానీ, సప్లీలు పెట్టుకోకు" అన్నాడు.