నల్లా గొడవ, రోహిణి నీళ్లు

పొద్దున ఐదున్నరకే నల్లా దగ్గర గొడవైంది. వానాకాలం, మహారాష్ట్రలోని మా బల్లార్‌పూర్ పక్కనే వర్ధా నది నిండుగా పారుతోంది, మా గల్లీ నల్లాలో మాత్రం నీళ్లు ముప్పావుగంటకు మించి రావు. వెనకింటి వదిన తన బిందె ముందు పెట్టానంది, కాదు నాదే ముందని నేనన్నాను. నిజానికి ఆమెదే ముందు. పిల్లాడికి బడి టైమవుతోందన్న టెన్షన్‌లో అబద్ధం ఆడేసి, రెండు బిందెలు నింపుకుని వచ్చేశాను. రోజంతా ఆ మాట కడుపులో మెలిపెడుతూనే ఉంది.

సాయంత్రం పక్కింటి ఆజీ (మరాఠీలో అవ్వ) బౌద్ధ విహారానికి పోతూ తోడు రమ్మంది, ఆమెకు చూపు సరిగా ఆనదు, గల్లీ నిండా బురద. ఇక్కడి బౌద్ధులు ఆషాఢ పౌర్ణమి నుంచి మూడు నెలలు వర్షావాసం అనే వానాకాలపు వ్రతం పాటిస్తారు, బుద్ధుడి మీద అంబేడ్కర్ రాసిన పుస్తకాన్ని రోజూ కొంచెం మరాఠీలో చదువుతారు. ఇన్నేళ్లుగా పక్కనే ఉండి నేను ఆ గడప దాటింది ఇదే మొదటిసారి.

నేను చిన్నప్పుడు చదువుకున్న పాఠంలో సిద్ధార్థుడు ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా మనిషికి ఇవేవీ కంటపడకుండా ఉంటాయా అని అంబేడ్కర్ అడిగాడట. ఈరోజు చదివిన భాగంలో ఉన్నది వేరే కథ. సిద్ధార్థుడి వాళ్లైన శాక్యులకూ, పొరుగునున్న కోలియులకూ మధ్య రోహిణి నది, రెండువైపుల పొలాలకూ అవే నీళ్లు, ఎవరు ముందు పెట్టుకోవాలి, ఎన్ని పెట్టుకోవాలి అని ఎప్పుడూ తగాదాలే. ఆ మాట వినగానే నాకు వదిన బిందె కళ్లముందు కనిపించింది. సిద్ధార్థుడికి 28 ఏళ్లప్పుడు అది పెద్ద కొట్లాటై, శాక్య సంఘం యుద్ధం చేద్దామంది. ఆయన వద్దన్నాడు. మనవాళ్లు ఇద్దరు, వాళ్లవాళ్లు ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఐదో మనిషిని ఎన్నుకుని తేల్చుకుందామన్నాడు, అచ్చం మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీలాగే. ఎక్కువమంది ఒప్పుకోలేదు. యుద్ధానికి రానంటే ఇంటివాళ్లను వెలేస్తారు, పొలాలు లాక్కుంటారు, అందుకని తానొక్కడే దేశం విడిచి పరివ్రాజకుడు, అంటే ఊరూరా తిరిగే సన్యాసి, అయ్యాడు. పాత పాళీ కథల్లోనూ ఈ తగాదా ఉంది, కాకపోతే అక్కడ ఆయన బుద్ధుడయ్యాక వచ్చి, నీళ్ల విలువెంత, మీ రక్తం విలువెంత అని రెండువైపులవాళ్లనూ అడుగుతాడు.

చదవడం అయ్యాక అందరూ పంచశీల, అంటే బౌద్ధుల ఐదు నియమాలు, చెప్పారు. ఆజీ ఒళ్లోని నోటుపుస్తకంలో లైను కింద వేలు పెట్టి నాకు చూపించింది, నాలుగోది, 'ముసావాదా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి'. అబద్ధానికి దూరంగా ఉండే శిక్షను నేను తీసుకుంటున్నాను అని అర్థం. తెలుగులో శిక్ష అంటే మనకు జైలే గుర్తొస్తుంది కదా, తప్పితే ఎవరు శిక్ష వేస్తారు ఆజీ అని అడిగాను. ఎవరూ వేయరు, ఇది చదువు, శిక్షణ అంది, తప్పితే మళ్లీ తీసుకోవాలి, అందుకేగా రోజూ చెప్పుకుంటాం. దేవుడి ఆజ్ఞ కాదు, నాకు నేను ఒప్పుకునే మాట! చాలాసేపు నేను ఆ ఒక్క లైను దగ్గరే ఆగిపోయాను.

సారనాథ్‌లో బుద్ధుడు ఐదుగురికి మొదట చెప్పిందీ ఆజీయే దారిలో చెప్పుకొచ్చింది: దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, అది తణ్హా, అంటే ఇంకా కావాలి, నాకే కావాలి అనే దాహం, అది ఆరుతుంది, ఆరే దారికి ఎనిమిది అంగాలు. దాహం అనేసరికి మళ్లీ బిందెలే గుర్తొచ్చాయి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నాక 16న అంబేడ్కర్ చంద్రపూర్ వచ్చినప్పుడు ఆజీ మూడేళ్ల పిల్లట, వాళ్లమ్మ ఎత్తుకుని వెళ్లిందట. తనకేమీ గుర్తులేదు గానీ, ఆ రోజు కట్టుకున్న తెల్లచీరను వాళ్లమ్మ చివరిదాకా పెట్టెలోనే దాచుకుందని చెప్పింది.

ఇంటికొచ్చి మావాడి రఫ్ నోటుబుక్కులో ఆ లైను తెలుగులో రాసుకున్నాను. తర్వాత వెనకింటికి వెళ్లి వదినతో, పొద్దున ముందు పెట్టింది నీ బిందెనే అని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, కాసేపు నన్నే చూసి, రేపు నీళ్లు ఐదుంపావుకే వస్తాయట, అలారం పెట్టుకో అంది.